పట్టకారును పట్టిన పట్టకారు

మగవాళ్ళకు జ్వరం వస్తే దానికి డిగ్రీలుంటాయి, పేరుంటుంది, పథ్యం ఉంటుంది, చూడవచ్చే బంధువులుంటారు. ఆడవాళ్ళకు చేతులు లాగుతున్నాయంటే మాత్రం దానికి ఒకటే పేరు. వాతం. ఎంత సౌకర్యమైన మాటో చూడండి! రాత్రిపూట పెరుగు తింటే వాతం, వంకాయ తింటే వాతం, తలంటుకుని జుట్టు ఆరబెట్టుకోకపోతే వాతం, బాలింతగా ఉన్నప్పుడు చన్నీళ్ళలో చెయ్యి పెడితే ముప్ఫై ఏళ్ళ తరువాత వాతం. ఏ నొప్పినైనా అందులో పడేసి మూతి కట్టేయవచ్చు. ఇంకా విశేషం ఏమిటంటే, అన్నింట్లోనూ తప్పు ఆ నొప్పి పడుతున్న మనిషిదే అవుతుంది. ఆమె పెరుగు తినకపోతే వచ్చేది కాదు కదా!

మా నారాయణఖేడ్‌లో ఈ వాతాన్ని తిట్టడానికి భాషలకు కొదవ లేదు. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా అంటున్నారు గానీ, 2016 దాకా మాది మెదక్ జిల్లాయే. పక్కనే బీదరు, కర్ణాటక. సంతలో నిలబడితే తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ ఒకే బేరంలో కలిసిపోతాయి. ఏ భాష మాట్లాడే ఇంట్లోనైనా సాయంత్రానికి వినబడే చప్పుడు మాత్రం ఒకటే, జొన్నరొట్టె కొట్టే చప్పుడు. ఆ రొట్టె అప్పడాలకర్రతో ఒత్తేది కాదు సుమండీ. పిండిలో మరిగే నీళ్ళు పోసి, చెయ్యి కాలుతున్నా మర్దించి, ముద్ద చేసి, అరచేత్తో కొడుతూ గుండ్రంగా తిప్పుతూ పెంచాలి. మణికట్టు, అయిదు వేళ్ళు, అరచెయ్యి మూడూ కలిసి చేసే పని. వాటిలో ఏది మొరాయించినా రొట్టె అంచు చీలుతుంది.

మా వదినె, అంటే మా ఆయన అక్కగారు, ఆ రొట్టెకు మా బంధువుల్లో పేరు మోసిన మనిషి. ఆమె రొట్టె పెంక మీద వేస్తే పూరీలాగా పొంగేది. అలాంటి మనిషి ఒక చలికాలంలో "రొట్టె కొట్టొస్తలేదే పిల్లా, చెయ్యి నాది కానట్టే ఉన్నది" అన్నది. పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకోదు. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాలి. పది గంటలు దాటితేగానీ వేళ్ళు మాట వినవు. మణికట్లు రెండూ ఉబ్బాయి. చేతి గాజులు పైకి రావు, కిందికి పోవు. ఒక చేతికి వచ్చింది రెండో చేతికీ సరిగ్గా అక్కడే వచ్చింది, తోబుట్టువులకు సమానంగా పంచినట్టు.

ఇంట్లోవాళ్ళు వాతమన్నారు. ఇరుగుపొరుగు వాతమన్నారు. నూనెలు, కాపడాలు, ఆకు పసర్లు అన్నీ అయ్యాయి. ఏడాది గడిచాక మేనల్లుడు పట్టుబట్టి హైదరాబాదు తీసుకుపోయాడు. మూడు గంటల పైచిలుకు బస్సు ప్రయాణం. తోడు నేను. అక్కడ కీళ్ళ జబ్బులకే ప్రత్యేకమైన డాక్టరమ్మగారు ఆమె వేలి కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూసి, నెత్తురు పరీక్షలు రాసింది. రెండు పరీక్షలూ పాజిటివ్ వచ్చాయి. ఒకటి రుమటాయిడ్ ఫ్యాక్టర్, రెండోది యాంటీ సీసీపీ.

"పాజిటివ్ అంటే మంచిదే గదా?" అన్నది వదినె ఆశగా. డాక్టరమ్మ నవ్వలేదు. అందుకే ఆమె మీద నాకు గౌరవం.

ఈ జబ్బు పేరు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. వయసు మీదపడి మోకాళ్ళు అరిగే జబ్బు వేరు, ఇది వేరు. 1800లో పారిస్‌లో లాండ్రే బోవే అనే కుర్ర డాక్టరు దీన్ని మొదటిసారి వర్ణించి రాసినప్పుడు ఆయన చూసినవాళ్ళు తొమ్మిదిమంది, తొమ్మిదిమందీ ఆడవాళ్ళే! ఈ పేరు పెట్టింది 1859లో లండన్ డాక్టరు గారడ్. మగవాళ్ళకు రాదని కాదు. ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ వేళ్ళు వంకర్లు పోయినా 1919లో కన్నుమూసేదాకా బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. కాని లెక్క తీస్తే ఒక మగవాడికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు. మన దేశంలో ఢిల్లీ దగ్గరి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి లెక్క వేసి 1993లో ప్రకటించారు, పెద్దవాళ్ళలో నూటికి 0.75 మంది అని. చిన్న సంఖ్యలాగే ఉంటుంది. వెయ్యిమందికి ఏడెనిమిది మంది అనుకోండి, అప్పుడు మీ వీధిలోనే ఒకరు కనబడతారు.

మరి ఈ జబ్బులో అసలేం జరుగుతుంది? దాన్ని డాక్టరమ్మ వదినెకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఆ బొమ్మ చూడగానే వదినె "గిది పట్టకారు గదా" అన్నది. అంతకంటే మంచి పోలిక నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

మన ఒంట్లోకి ఏ క్రిమో వచ్చిందనుకోండి. దాన్ని పట్టుకోవడానికి నెత్తుట్లో యాంటీబాడీలనే పదార్థాలు తయారవుతాయి. ఒక్కొక్కటీ అచ్చం మన వంటింటి పట్టకారే. రెండు కొసలు ముందుకు చాచి ఉంటాయి, వెనక పిడి ఉంటుంది. కొసలు క్రిముల్ని, పాడైన కణాల్ని పట్టుకుంటాయి. కాని పట్టకారు ఎంత మంచిదైనా దానంతటది గిన్నె దించదు కదా! పిడి పట్టే చెయ్యి కావాలి. ఆ చెయ్యిలాంటివి కొన్ని తెల్ల కణాలు. వాటిలో ఒక జాతికి శాస్త్రవేత్తలు 1975లో నేచురల్ కిల్లర్ సెల్స్ అని పేరు పెట్టారు. పుట్టుకతోనే హంతకులన్నమాట. పేరు భయంకరంగా ఉన్నా మనపాలిట కాపలాదారులే. వాటి ఒంటి మీద పట్టకారు పిడికి సరిగ్గా సరిపోయే పిడికిలి ఒకటుంటుంది. పిడి చిక్కగానే అవి ఆ కొసన చిక్కిన కణం గోడకు కన్నాలు పొడిచి, లోపలికి విషం ఎక్కించి, దాని పని ముగిస్తాయి. పట్టకారు పట్టుకోవడం, చెయ్యి దించడం. ఎంత పొందికైన సంసారమో!

ఇప్పుడు ఈ సంసారంలో చిచ్చు ఎక్కడ పుడుతుందో చూడండి. రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనేది కూడా ఒక యాంటీబాడీయే. కాని దీని కొసలు క్రిముల్ని పట్టవు. తోటి పట్టకార్ల పిడుల్ని పట్టుకుంటాయి! పైగా ఈ రకం చాలామందిలో ఒంటరిగా ఉండదు. అయిదు పట్టకార్లు పిడులు లోపలికి పెట్టి, కొసలు బయటికి చాచి, చక్రంలా అతుక్కుని తిరుగుతుంటాయి. పదేసి కొసలు! ఒక్క చక్రం దొరికినన్ని మంచి పట్టకార్లను పిడి దగ్గర పట్టుకుని కూర్చుంటుంది.

ఇక కాపలాకణం వస్తుంది. పట్టకారు కొసన శత్రువు చిక్కే ఉన్నాడు. కాని పిడి పడదామంటే అక్కడ ఇంకెవరిదో పట్టు. చెయ్యి పెట్టే సందు లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్న సామెత ఇంతకంటే బాగా ఎక్కడ కుదురుతుంది? గాజు గొట్టాలలో చేసిన పరీక్షల్లో ఈ సంగతి తేలింది. ఈ జబ్బు ఉన్నవాళ్ళ నెత్తుటి సీరం కలిపితే, యాంటీబాడీ పిడి పట్టుకుని చంపే కణాల పని మందగించింది. అందుకు రుమటాయిడ్ ఫ్యాక్టర్ అడ్డుపడడం ఒక కారణం. ఈ పట్టకార్లన్నీ ఒకదానికొకటి చిక్కుపడి పోగులు పోగులుగా తిరుగుతూ కాపలాకణాల పిడికిళ్ళను ముందే నింపెయ్యడం ఇంకో కారణం. పనిలేని పిడులు పట్టుకుని ఉన్న చెయ్యి పనికొచ్చే పిడి ఏం పడుతుంది? సంతలో రెండు చేతులా సంచులు పట్టుకున్న మనిషి పర్సు కొట్టేసేవాణ్ణి చూస్తూ నిలబడినట్టే.

ఈ తమాషా మొదట కనిపెట్టిన కథ కూడా ఇలాంటిదే. 1930ల చివరలో నార్వేలో ఎరిక్ వాలర్ అనే డాక్టరు నెత్తుటి పరీక్షలు చేస్తున్నాడు. గొర్రె ఎర్రకణాలకు కుందేలు యాంటీబాడీలు పట్టించి, వాటికి రోగి సీరం కలిపి చూసే పరీక్ష. ఒక కీళ్ళవాతం రోగి సీరం కలిపినప్పుడు కరగవలసిన ఎర్రకణాలు కరగలేదు సరికదా, పెరుగు విరిగినట్టు గడ్డలు గడ్డలుగా అతుక్కుపోయాయి. ఇంకొకరైతే పరీక్ష పాడైందని పారబోసేవారు. ఆయన పారబొయ్యలేదు. 1940లో రాసి అచ్చు వేశాడు. ఆ ఏడే జర్మన్లు నార్వేను ఆక్రమించుకున్నారు. గొర్రెకణాల గోడు వినే తీరిక లోకానికి ఎక్కడిది? 1948లో అమెరికాలో రోస్, రాగన్ అనే డాక్టర్లు వాళ్ళంతట వాళ్ళే మళ్ళీ అదే కనిపెట్టారు. అందుకే దానికి వాలర్ రోస్ పరీక్ష అని ఇద్దరి పేర్లూ కలిపారు. చావవలసిన కణం చావకపోవడమే ఈ జబ్బు గుట్టు విప్పిన మొదటి సాక్ష్యమన్నమాట.

రెండో పరీక్ష పేరులో ఉన్న సీసీపీకి మూలం సిట్రులిన్ అనే పదార్థం. అది పుచ్చకాయలోంచి వచ్చిన పేరు. 1914లో జపానులో పుచ్చకాయ రసంలోంచి తీశారు కాబట్టి పుచ్చకాయ లాటిన్ పేరే దానికి పెట్టారు. మన ఒంట్లోని కొన్ని మాంసకృత్తుల్లోనూ ఒక భాగం సిట్రులిన్‌గా మారుతుంటుంది. ఆ మారినవాటిని పరాయివనుకుని పట్టుకునే పట్టకార్లే ఈ రెండో రకం. పొగ తాగేవాళ్ళ ఊపిరితిత్తుల్లో ఆ మార్పు ఎక్కువ, అందుకే వాళ్ళకు ముప్పూ ఎక్కువ. ఇది విని వదినె ఎండాకాలంలో పుచ్చకాయ మానేస్తానన్నది. పేరు తప్ప పుచ్చకాయ చేసిన పాపం ఏమీ లేదని నచ్చచెప్పేసరికి నా తాతలు దిగివచ్చారు.

ఇంతకీ మీకో సందేహం రావాలి. కాపలావాళ్ళ చేతులు కట్టేస్తే కీళ్ళు ఎందుకు వాయాలి? కట్టేసిన చేతులు ఊరికే ఉండాలి కదా? నాకూ వచ్చింది, అడిగాను. దానికి జవాబు ఏమిటంటే, ఆ చిక్కుపడిన పట్టకార్ల పోగులు కీళ్ళ సందుల్లోనూ చేరతాయి. అక్కడ ఇంకో జాతి కణాలు, చెత్త ఊడ్చేవి, ఆ పోగుల్ని చూసి ఏదో దండయాత్ర వచ్చిందనుకుని కేకలు పెడతాయి. ఆ కేకలే రసాయనాలు. వాటితో కీలు వాచి, వేడెక్కి, మెత్తటి ఎముక తినబడుతుంది. కీళ్ళ నీటిలో దొరికే కిల్లర్ కణాలు కూడా ఎక్కువగా చంపే రకం కాదు, కబుర్లు మోసే రకం. అవీ మంటకు విసనకర్రలే. అంటే ఒకేచోట రెండు తప్పులు జరుగుతున్నాయి. దొంగను పట్టవలసినచోట చేతులు కట్టేసి ఉన్నాయి. దొంగ లేనిచోట ఇల్లు తగలబడుతున్నది. కంచే చేను మేసిందంటామే, ఆ మాటలో సగమే ఉంది. ఆ కంచె పక్కచేని పశువుల్ని కూడా ఆపడం లేదన్నది మిగతా సగం.

ఈ మిగతా సగం తెలియకపోవడం వల్లే మా వదినె వేళ్ళు రెండు వంకర పోయాయి. ఎలాగో చెబుతాను.

డాక్టరమ్మ రాసిన ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారి వేసుకోవాలి. ఒక నెలన్నర ఓపిక పట్టాక వదినె చెయ్యి తేలికపడింది. గాజులు మార్చుకుంది. ఏడాది తిరిగేసరికి రొట్టె మళ్ళీ పొంగింది. అంతలో 2020 వచ్చింది, కరోనా వచ్చింది. బస్సులు ఆగాయి. ఆపైన దేశమంతా ఒక్కటే పాట, ఇమ్యూనిటీ పెంచుకోండి! కషాయం తాగి పెంచుకోండి, పసుపుపాలు తాగి పెంచుకోండి, పొడి కొనుక్కుని పెంచుకోండి. ఇలాంటి వేళ ఒక చుట్టపాయన వదినె మందు డబ్బా తిప్పి చూసి, "అక్కా, గిది ఇమ్యూనిటీ తగ్గించే గోలీ. అందరూ పెంచుకుంటుంటే నువ్వు తగ్గించుకుంటున్నవా?" అన్నాడు. అంతే. అడగడానికి డాక్టరు దగ్గరలో లేదు. వదినె గోలీలు పెట్టెలో పెట్టి, మిరియాల కషాయం పొయ్యి మీద పెట్టింది. అయిదు నెలలు. ఆ అయిదు నెలల్లో పోయింది మళ్ళీ రాలేదు. వాపు తగ్గించవచ్చుగాని, తినబడిన కీలును ఏ గోలీ తిరిగి పొయ్యలేదు.

ఇక్కడే నాకు చెప్పాలనిపించే మాట ఉంది. మనం ఇమ్యూనిటీ అనేదాన్ని నెయ్యిలాగా చూస్తున్నాం. డబ్బాలో ఎంత ఉంటే అంత మంచిదని, తగ్గితే పోసుకోవాలని. కాని అది సరుకు కాదు, సంసారం. ఎవరు ఎవర్ని పట్టుకున్నారన్నదే అందులో ముఖ్యం. వదినె ఒంట్లో యాంటీబాడీలకు కొదవ ఉందా? కావలసినదానికంటే ఎక్కువే ఉన్నాయి. ఉన్నవి ఒకదాని పిడి ఒకటి పట్టుకుని కూర్చున్నాయి. అలాంటి ఇంటికి ఇంకో పది పట్టకార్లు కొని తెచ్చి ఏం లాభం? ఈ జబ్బు అదుపులో లేనివాళ్ళకే ఇన్ఫెక్షన్ల బెడద ఎక్కువ. లింఫోమా అనే ఒక రకం క్యాన్సరు ముప్పు కూడా మామూలువాళ్ళకంటే సుమారు రెండింతలు. ఏళ్ళ తరబడి మంట ఆరనివాళ్ళకే అది మరీ ఎక్కువ. అంటే మందు మానితే కాపలా బలపడదు, జబ్బు బలపడుతుంది. మందులవల్ల ఇన్ఫెక్షన్ల భయం అసలు లేదని నేననడం లేదు. ముఖ్యంగా స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో, ఎక్కువ కాలం వాడితే ఉంది. అందుకే ఆ లెక్క డాక్టరు వెయ్యాలి, చుట్టపాయన కాదు.

ఆ మెథోట్రెక్సేట్ కథ తెలిసిన తరువాత వదినెకు ఆ గోలీ మీద ఒక మమకారం పుట్టింది. ఎందుకంటే అది మనవాడి చేతి చలవ. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు పెద్ద అయ్యాడు. స్ప్రూ అనే జబ్బు ఆయన అన్నదమ్ముల్ని పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను ఆయన బృందం 1945కల్లా కృత్రిమంగా తయారుచేసింది. తరువాత అదే బృందం ఆ ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు తిరిగే మందుల్ని తయారుచేసింది. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ పసిపిల్లల నెత్తుటి క్యాన్సరుకు ఇచ్చి, కొంతకాలమైనా జబ్బు తగ్గిందని 1948లో ప్రకటించాడు. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు పోయాడు. ఆ మందుల్లో ఇంకొకటే మెథోట్రెక్సేట్. 1951లో ఈ కుటుంబపు మందునే గబ్నర్ అనే డాక్టరు కీళ్ళవాతానికి వాడి చూశాడు. కాని అప్పటికి లోకమంతా కార్టిజోన్ మోజులో ఉంది. 1948లో మేయో క్లినిక్‌లో హెంచ్ మంచం దిగలేని ఒకావిడకు ఆ మందు ఇస్తే కొద్ది రోజుల్లో లేచి నడిచింది మరి! 1950లో నోబెల్ బహుమానమూ వచ్చింది. దాని దుష్ఫలితాలు తెలిసివచ్చాక మెల్లగా మెథోట్రెక్సేట్ వైపు చూశారు. అమెరికా ప్రభుత్వం ఈ జబ్బుకు దాన్ని ఒప్పుకున్నది 1988లో. సుబ్బారావు పోయిన నలభై ఏళ్ళకు!

ఇప్పుడు వదినె మందుల డబ్బాలో రెండు గోలీలుంటాయి. ఒకటి మెథోట్రెక్సేట్, వారానికొకసారి. రెండోది ఫోలిక్ యాసిడ్, డాక్టరు చెప్పిన వేరే రోజుల్లో, మొదటిదాని చెడుగు తగ్గడానికి. కొట్లాడుకునే ఆ రెండూ ఒకే తెలుగువాడి ఇంటి పిల్లలే. అత్తాకోడళ్ళను ఒక డబ్బాలో పెట్టినట్టున్నా, వేళకు వేస్తే ఎవరి పని వాళ్ళు చేసుకుపోతారు.

వేళ అన్నాను కదా, అసలు ప్రాణాల మీదికి వచ్చేది అక్కడే. ఈ మధ్య ఒక మందుల షాపులో కవరు మీద ఈ గోలీకి "రోజుకు 1" అని రాసిచ్చారు. మిగతా అన్ని గోలీలకూ అలాగే రాస్తారు కదా, చెయ్యి అలవాటు. వదినె చదువుకోలేదు గాని లెక్క తప్పదు. "మాది శుక్రారం గోలీ బాబూ, రోజు గోలీ కాదు" అని కవరు తిరిగి ఇచ్చేసింది. వారానికి వేసుకోవలసింది రోజూ వేసుకుంటే నోరు పుండ్లు పడి, నెత్తుటి కణాలు పడిపోయి, మనిషే దక్కకపోవచ్చు. అందుకని మీ ఇంట్లో ఎవరికైనా ఈ మందు ఉంటే క్యాలెండరులో ఆ వారాన్ని ఎర్రసిరాతో చుట్టండి. నెత్తురు, లివరు పరీక్షలు చెప్పిన గడువుకు చేయించండి. పిల్లలు కావాలనుకునే ఆడపిల్లలైతే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. కడుపుతో ఉండగా ఈ మందు వాడకూడదు. వేరే మందులున్నాయి, సిగ్గుపడి దాచకండి.

ఇంకొక మాట కూడా చెప్పాలి, దీనితో ఎన్ని సంబంధాలు చెడుతున్నాయో! రుమటాయిడ్ ఫ్యాక్టర్ పాజిటివ్ అన్నంతమాత్రాన జబ్బున్నట్టు కాదు. ఏ కీలూ వాయని ముసలివాళ్ళలోనూ అది కనిపిస్తుంది. క్షయ, కుష్ఠు, కొన్ని రకాల కామెర్ల జబ్బుల్లోనూ కనిపిస్తుంది. జబ్బు ఉండి కూడా పరీక్ష నెగెటివ్ వచ్చేవాళ్ళు నూటికి ఇరవై, ముప్ఫైమంది ఉంటారు. కాగితం చూసి కాదు, కీలు చూసి చెప్పాలి. ఏదో ప్యాకేజీ పరీక్షలో ఈ అక్షరాలు కనబడ్డాయని ఆడపిల్ల నుదుట రాత రాసేవాళ్ళను నేను చూశాను. ఆ అక్షరాలకు అంత శక్తి లేదు.

మందుల్లో ఇప్పుడు కొత్తవి వచ్చాయి. రిటుక్సిమాబ్ అనేదాన్ని 2006 నుంచి ఈ జబ్బుకూ వాడుతున్నారు. తమాషా ఏమిటంటే అది కూడా ఫ్యాక్టరీలో తయారైన పట్టకారే! యాంటీబాడీలు పుట్టించే కణాల వంశాన్ని కొసలతో పట్టుకుని, పిడిని కిల్లర్ కణాల చేతికి అందిస్తుంది. చేతులు కట్టేయించుకున్న కాపలావాళ్ళతోనే కట్టినవాళ్ళ పుట్టింటి మీదికి దండయాత్ర! అందరికీ అవసరం పడదు, ఖరీదూ ఎక్కువే. కాని ముల్లును ముల్లుతోనే తియ్యాలన్న మన పాతమాటను అంత పెద్ద శాస్త్రం ఒప్పుకోవడం ముచ్చటగా ఉంటుంది.

హైదరాబాదు నిమ్స్‌లో ఈ జబ్బులకు ప్రత్యేకమైన విభాగమే ఉంది. మన పక్కనుండే ఆస్పత్రుల్లోనూ అడిగితే దారి చెబుతారు. అడగడమే రావాలి. పొద్దున లేచాక చేతులు గంటసేపు బిగుసుకుపోయి ఉంటే, చిన్న కీళ్ళు రెండువైపులా వాచి ఆరు వారాలు దాటితే, అది పెరుగు తిన్న పాపం కాదు. ఈ జబ్బుకు మొదటి ఏడాదే బంగారం. ఆ ఏడాది నూనెలకూ పసర్లకూ పోయిందంటే కీళ్ళు కూడా దానితోపాటే పోతాయి.

వదినె ఇప్పుడు రొట్టెను ప్లాస్టిక్ కాగితం మధ్య పెట్టి పళ్ళెంతో ఒత్తుతుంది. పొంగదు. తినేవాళ్ళం ఎవరమూ ఆ మాట అనం. ఆమె మాత్రం ఎవరైనా చేతులు రుద్దుకుంటూ "వాతం" అంటే చాలు, వాళ్ళ వేలి కణుపులు నొక్కి చూస్తుంది. మా వీధిలో ఇద్దరిని అలా పట్టుకుని బస్సెక్కించింది కూడా. ఒకామెకు ఏమీ లేదని తేలింది, రెండో ఆమెకు ఉంది. ఆ రెండో ఆమె వేళ్ళు ఈ రోజుకీ తిన్నగా ఉన్నాయి. మనిషి ఒంట్లో మంచి పట్టకార్ల పిడులు ఎవరు పట్టుకున్నా, బయట మనుషుల చెయ్యి మనుషులు సమయానికి పట్టుకోవాలి. ఆ మాత్రం మన చేతుల్లో పనే కదా!